ఎఫ్ఏటీఎఫ్ పరీక్షలో ఇండియా పాస్.. మరి గల్ఫ్ డబ్బుకు దీనికి లింకేంటి?

బాన్సువాడ: గల్ఫ్ నుంచి వచ్చే డబ్బుతో నడిచే ఇళ్లు బాన్సువాడ చుట్టుపక్కల ఊళ్లలో చాలానే ఉన్నాయి. బ్యాంకుకు పోతే చాలు, కేవైసీ అంటూ ఆధార్, పాన్ మళ్లీ తెమ్మంటారు. ఈ రూల్స్ మూలం పారిస్‌లో ఉంది. 1989లో జీ7 దేశాలు పెట్టిన ఎఫ్ఏటీఎఫ్ ఆఫీసు అక్కడే. నల్లడబ్బును తెల్లగా మార్చే మనీ లాండరింగ్‌ను, ఉగ్రవాదులకు డబ్బు చేరడాన్ని ఆపేందుకు 40 సిఫార్సులు రాసింది ఈ సంస్థే.

ఇండియా ఇందులో 2010లో మెంబర్ అయింది. 2024 సెప్టెంబర్ 19న మన రిపోర్ట్ కార్డు బయటికొచ్చింది. 40లో 37 సిఫార్సులను మన దేశం పూర్తిగానో, చాలావరకో పాటిస్తోందని తేల్చారు. మూడింట్లో మాత్రం పాక్షికమే. అందులో ఒకటి రాజకీయ పదవుల్లో ఉన్నోళ్ల ఖాతాలపై నిఘా! మొత్తానికి మంచి గ్రేడ్ అయిన 'రెగ్యులర్ ఫాలో అప్' దక్కింది. పాకిస్థాన్ 2018 నుంచి 2022 దాకా గ్రే లిస్టులో ఉంది. మనోళ్లు ఎక్కువగా పనిచేసే యూఏఈ కూడా 2022 మార్చి నుంచి రెండేళ్లు అదే లిస్టులో ఉండి బయటపడింది.

అయితే చట్టం ఉండటం వేరు, కేసు తేలడం వేరు. మనీ లాండరింగ్ నిరోధక చట్టం (పీఎంఎల్ఏ) 2005 జులై 1 నుంచి అమల్లో ఉంది. శిక్ష మూడు నుంచి ఏడేళ్లు. కానీ విచారణలు ఏళ్లకేళ్లు సాగుతున్నాయని, కోర్టులపై భారం ఎక్కువగా ఉందని ఎఫ్ఏటీఎఫ్ గట్టిగానే చెప్పింది. అసలు వీక్‌నెస్ ఇదే.

ఇక హవాలా సంగతి. కొందరు హుండీ అంటారు. దుబాయ్‌లో ఏజెంటుకు దిర్హమ్‌లు ఇస్తే, ఇక్కడ ఇంకో మనిషి ఇంటికొచ్చి రూపాయలు ఇచ్చిపోతాడు. డబ్బు సరిహద్దు దాటదు, రికార్డూ ఉండదు. రేటు నాలుగు పైసలు ఎక్కువొస్తుందని ఆశపడితే, ఏజెంటు ఎగ్గొట్టినప్పుడు చూపించడానికి రసీదు కూడా ఉండదు. పైగా ఫెమా చట్టం ప్రకారం పంపినోళ్లదే కాదు, తీసుకున్నోళ్లదీ తప్పే. జరిమానా ఆ మొత్తానికి మూడు రెట్ల వరకు పడొచ్చు. ఒక్కోసారి ఏజెంట్లు క్యాష్ బదులు తెలియని ఖాతాల నుంచి డబ్బు వేస్తారు. అది సైబర్ మోసం డబ్బని తేలితే మీ ఖాతా ఫ్రీజ్ అవుతుంది.

బ్యాంకులో లీగల్‌గా వచ్చే డబ్బుకు భయం అక్కర్లేదు. నెలలో రూ.10 లక్షలు దాటిన నగదు లావాదేవీల వివరాలను బ్యాంకులు కేంద్ర ఆర్థిక శాఖలోని ఎఫ్ఐయూకి పంపుతాయి. అనుమానం వస్తే ఎంత చిన్న మొత్తమైనా రిపోర్ట్ చేస్తాయి. కేవైసీ అప్‌డేట్ మాత్రం రిస్క్ తక్కువ ఉన్న ఖాతాలకు పదేళ్లకోసారి, ఎక్కువ ఉన్నవాటికి రెండేళ్లకోసారి తప్పదు.