శిశు పోషణలో జంట భారం

ఒకే ప్రాంతంలో, ఒకే ఇంట్లో, ఒక్కోసారి ఒకే బిడ్డలో పోషణ లోపం, అధిక బరువు కలిసి కనిపించే స్థితి. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో అయిదేళ్లలోపు పిల్లల్లో 35.5 శాతం మంది వయసుకు తగ్గ ఎత్తు లేరు; ఎత్తుకు మించిన బరువున్నవారు 3.4 శాతం. రెండో అంకె చిన్నదే, కానీ అంతకుముందరి సర్వేలో అది 2.1.

రెండింటి వేరూ తరచు తల్లి కడుపులోనే ఉంటుంది. పుణె శిశువులను ఇంగ్లండ్ శిశువులతో పోల్చిన వైద్య పరిశోధకుడు యాజ్ఞిక్ బృందం, ఇక్కడి పిల్లలు తక్కువ బరువుతో పుట్టినా వారి ఒంట్లో కండ తగ్గినంతగా కొవ్వు తగ్గలేదని చూపింది. అలాంటి బిడ్డకు తర్వాత కేలరీలు మాత్రమే దట్టిస్తే ఎత్తు కంటే బరువే ముందు పెరుగుతుంది. వయసుకు తగ్గ బరువొక్కటే చూస్తే పొట్టిగా, లావుగా ఉన్న బిడ్డ మామూలుగానే కనిపిస్తాడు. అంగన్‌వాడీలో తూకంతో పాటు ఎత్తూ కొలవాలనేది ఇందుకే.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2017లో రెండు సమస్యలకూ పనికొచ్చే చర్యలను సూచించింది. గర్భిణుల పోషణ, ఆరు నెలల దాకా తల్లిపాలే, ఆపై తగిన అనుబంధాహారం, ప్రకటనలపై అదుపు వాటిలో ఉన్నాయి. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ అంగన్‌వాడీల్లో పెట్టే గుడ్డు ఈ లెక్కకు సరిపోతుంది; పసిపిల్లలకు అక్కడ ఇచ్చే, చక్కెర కలిపిన బాలామృతం పొడి గురించి అంత ధీమాగా చెప్పలేం.