సంఘం ఎత్తున కెమెరా

పల్లె జనానికి వీడియోతో పాఠం చెప్పాలన్న ఆలోచన సెల్‌ఫోన్‌తో పాటే పుట్టిందని ఇవాళ్టి కుర్రకారు అనుకుంటే తప్పు పట్టలేం గానీ, దాని వయసు యాభై ఏళ్లు. అమెరికా వాళ్ల ఏటీఎస్-6 ఉపగ్రహాన్ని ఏడాదికి అరువు తెచ్చుకుని, 1975 ఆగస్టు 1 నుంచి 1976 జులై 31 వరకు ఇస్రో నడిపిన 'సైట్' ప్రయోగం ఆరు రాష్ట్రాల్లో సుమారు 2,400 ఊళ్లకు టీవీని చేర్చింది. ఆ ఆరింటిలో ఆంధ్రప్రదేశ్ ఒకటి. కార్యక్రమాలు తయారుచేసే కేంద్రాల్లో హైదరాబాదు ఒకటి. పొద్దున గంటన్నర బడిపిల్లలకు, సాయంత్రం రెండున్నర గంటలు పెద్దలకు ప్రసారాలు ఉండేవి. నగరాల్లోనే టీవీ అరుదైన ఆ రోజుల్లో, కోళ్ల దొడ్డికి కట్టే తీగవలతో మూడు మీటర్ల యాంటెన్నాలు చేసి, ఉపగ్రహం నుంచి బొమ్మను నేరుగా ఊళ్లోకి దింపుకోవడం మాటలు కాదు. ఆ ఉపగ్రహం ఒక బొమ్మతో పాటు రెండు శబ్దాలను మోయగలిగేది కాబట్టి ఒకే దృశ్యానికి రెండు భాషల మాట జోడించి పంపే వీలుండేది. ఇంజినీరు కంటికి అది గొప్ప పొదుపు. పాఠం వినేవాడి వైపు నుంచి చూస్తే మాత్రం చిక్కంతా అక్కడే ఉంది. రెండు రాష్ట్రాలకు సరిపోయేలా ఎంచిన పొలం నిజానికి ఏ ఊరి పొలమూ కాదు.

ఫలితాలు కూడా ఆ సంగతే చెప్పాయి. తొలి రోజుల్లో తిరునాళ్లకు వచ్చినట్టు వచ్చిన జనం కొన్నాళ్లకు పలచబడ్డారు. టీవీ వచ్చినందువల్ల బడిలో చేరే పిల్లల సంఖ్య చెప్పుకోదగ్గంత పెరగలేదు, మధ్యలో మానేసేవాళ్లు తగ్గలేదు. అయితే అదే ప్రయోగంలో ఒక ముక్క బాగా ఫలించింది. ప్రాథమిక పాఠశాల ఉపాధ్యాయులు దాదాపు 50,000 మందికి సైన్సు బోధనలో ఇచ్చిన పన్నెండు రోజుల శిక్షణ అది. టీవీ పాఠం ఒక్కటే కాకుండా రేడియో, చేతితో చేసి చూసే పనులు, వాటికి తోడు గదిలో కూర్చుని సందేహాలు తీర్చే మనిషి అందులో ఉన్నారు. ఉపగ్రహం అదే, తెర అదే. తేడా తెర పక్కన ఎవరున్నారన్న దగ్గరే వచ్చింది. సైట్ చరిత్ర రాసినవాళ్లు ఎక్కువగా ఉపగ్రహాన్ని, విక్రమ్ సారాభాయ్ కలను తలుచుకుంటారు. తలుచుకోవలసినవే. కానీ వీడియోతో నేర్పడం అనే పనికి ఆ ఏడాది మిగిల్చిన అసలు పాఠం ఈ చిన్న ముక్కలో ఉందని నా వాదన. నేర్చుకోవడం బొమ్మ నాణ్యతను బట్టి జరగదు. ఆ బొమ్మ ఎవరి చేతిలోంచి వచ్చింది, చూశాక ఎవరితో మాట్లాడవచ్చు అన్న రెంటిని బట్టి జరుగుతుంది. ఆ తర్వాత తెలుగు నేల మీద జరిగిందంతా ఈ మాటకు సాక్ష్యం.

సైట్‌లో పనిచేసిన వాళ్లలో పి.వి. సతీష్ ఒకరు. మైసూరు మనిషి, దూరదర్శన్ నిర్మాత. గ్రామీణాభివృద్ధి కార్యక్రమాలు తీసీ తీసీ, చివరికి ఆ పనిని ఊళ్లోకే తీసుకెళ్లారు. 1983లో మొదలైన డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీని కట్టినవాళ్లలో ఆయన ముఖ్యులు. జహీరాబాద్ దగ్గరి పస్తాపూర్ దాని కేంద్రం, అప్పటి మెదక్ జిల్లా, ఇప్పటి సంగారెడ్డి. అక్కడి సంఘాల్లో ఉన్నది ఎక్కువగా దళిత మహిళలు. బీడు భూముల్లో జొన్న, కొర్ర, కంది కలిపి పండించేవాళ్లు, చాలామందికి చదువు రాదు. 1990ల చివర ఈ సంఘాల ఆడవాళ్లు కొందరు వీడియో నేర్చుకోవడం మొదలుపెట్టారు. 2001లో అది కమ్యూనిటీ మీడియా ట్రస్టుగా నిలబడింది. విత్తనం ఎలా దాచాలి, ఏ నేలకు ఏ పంట లాంటివి వాళ్ల తొలి విషయాలు. పుస్తకంలో లేని ఆ చదువు అప్పటిదాకా తల్లి నుంచి కూతురికి నోటిమాటగానే దిగింది. అక్షరం అడగని పనిముట్టు దొరికేసరికి దానికి ఒక రూపం వచ్చింది.

ఈ ఆడవాళ్లు కెమెరా కోణాలను అర్థం చేసుకున్న తీరు తెలిసినవాళ్లు ఇప్పటికీ చెప్పుకుంటారు. కింద నుంచి పైకి చూస్తూ తీస్తే అవతలి మనిషి కొండంత కనిపిస్తాడు. గద్దె మీది పటేలును నేల మీద కూర్చున్నవాళ్లు తరతరాలుగా చూసింది అలాగే కదా. పై నుంచి కిందికి దించి తీస్తే మనిషి కుంచించుకుపోతాడు. అది పటేలు తమను చూసిన చూపు, బానిసను చూసే చూపు. సంఘంలో అందరూ నేల మీదే కూర్చుంటారు, కంటికి కన్ను ఎదురుగా ఉంటుంది. ఆ ఎత్తున తీసేది సంఘం షాట్. తమ వీడియోలు ఆ ఎత్తునే ఉండాలన్నది వాళ్ల నిర్ణయం. సినిమా బడుల్లో అధ్యాయంగా చెప్పే విషయమే ఇది, కానీ అక్కడ దాన్ని సౌందర్యం కింద చెబుతారు. ఇక్కడ అది ఊరి లెక్క. సుమారు అదే కాలంలో కాలిఫోర్నియాలో జో లాంబర్ట్, డానా ఆచ్లీ మొదలుపెట్టిన డిజిటల్ కథన శిబిరాలు వేరే దారిలో నడిచాయి. ఎవరి కథ వారు, తమ గొంతుతో, పాత ఫొటోలు పేర్చుకుంటూ రెండు మూడు నిమిషాల్లో చెప్పుకోవడం వాటి పద్ధతి. అది 'నా కథ'. పస్తాపూర్‌లో తీసినవాటిలో 'నేను' దాదాపు కనిపించదు, చెప్పేదంతా 'మేము'. రెండూ సాదా వీడియోలే. నాకైతే రెండోదే కష్టమైనదిగా అనిపిస్తుంది, ఎందుకంటే ఒక్కరి జ్ఞాపకాన్ని కాదనేవాళ్లు ఉండరు గానీ ఊరి తరఫున మాట్లాడితే ఊరు ఒప్పుకోవాలి.

ఇక్కడ గట్టి అభ్యంతరమే ఉంది. కెమెరా పేదల చేతిలో ఉన్నంత మాత్రాన అది చూపేదంతా నిజమా? వెనక ఒక సంస్థ, దానికి ఒక అభిప్రాయం ఉన్నాయి కదా? ఉన్నాయి. 2002 మార్చిలో దేశంలో జన్యుమార్పిడి చేసిన బీటీ పత్తికి అనుమతి వచ్చింది. ఆ సీజన్‌లోనే ఈ ఆడవాళ్లు వరంగల్ ప్రాంతపు రైతుల దగ్గరికి నెల నెలా వెళ్లి చేను ఎదిగే తీరును, రైతు మాట మారే తీరును తీసుకొచ్చారు. 2003లో వచ్చిన ఆ చిత్రం ఆ విత్తనానికి వ్యతిరేకమే, సొసైటీ కూడా వ్యతిరేకమే. ఆ తర్వాత దేశంలో పత్తి సాగు దాదాపు అంతా బీటీకే మళ్లింది కాబట్టి, చిత్రం తప్పని తేలిందని అనేవాళ్లున్నారు. ఈ వాదనలో కొంత బలం ఉంది, కానీ తేదీలు చూడాలి. వాళ్లు తీసింది మొదటగా వచ్చిన సంకర విత్తనాలను. ఆ మూడు రకాలను 2005లో కేంద్ర అనుమతుల కమిటీయే ఆంధ్రప్రదేశ్‌లో సాగుకు మళ్లీ అనుమతించలేదు. ఆ నిర్ణయం చిత్రం వల్లే వచ్చిందని నేను అనను. చిత్రం చూపిన సంగతి ఊహ కాదని మాత్రం అంటాను. పైగా వాళ్ల పద్ధతిని చూడండి. ఒకే రైతు, ఒకే చేను, నెల నెలా. ఒక్కరోజు వచ్చి నాలుగు మాటలు పట్టుకెళ్లే చానల్ విలేకరికి ఆ ఓపిక ఉండదు. అభిప్రాయం ఉండటం లోపం కాదు, తనిఖీకి వీలు లేకపోవడం లోపం. ఆ తర్వాత ఈ బృందం అదే ప్రశ్న పట్టుకుని మాలి, దక్షిణాఫ్రికా, ఇండోనేషియా, థాయిలాండ్ దాకా వెళ్లింది.

రెండో అభ్యంతరం విస్తృతికి సంబంధించింది. సంఘాల్లో ఆడే వీడియో ఎంతమందికి చేరుతుంది? ఉపగ్రహం లక్షల మందికి ఒకేసారి చెప్పగలదు కదా? దీనికి జవాబు పక్క రాష్ట్రంలో దొరికింది. 2006లో బెంగళూరులోని మైక్రోసాఫ్ట్ పరిశోధనశాలలో రికిన్ గాంధీ, ఆయన తోటివాళ్లు కర్ణాటక పల్లెల్లో ఒక పద్ధతి మొదలుపెట్టారు. ఊరి రైతే నటుడు, చేతి కెమెరా, కొద్ది నిమిషాల నిడివి. సాయంత్రం పదిమందిని కూర్చోబెట్టి చూపిస్తూ, మధ్యలో ఆపి ప్రశ్నలు అడిగే స్థానికుడు ఒకరు. 2008లో ఇదే డిజిటల్ గ్రీన్ అనే విడి సంస్థ అయింది. ఖర్చుపెట్టిన ప్రతి రూపాయికి కొత్త పద్ధతిని చేపట్టిన రైతుల లెక్క తీస్తే, మామూలు వ్యవసాయ విస్తరణ కంటే ఇది సుమారు పదింతలు మేలని వాళ్ల తొలి అధ్యయనం చెప్పింది. లెక్క వేసింది పని మొదలుపెట్టినవాళ్లే కాబట్టి ఆ అంకెను చిటికెడు అనుమానంతోనే తీసుకోవాలి. అయినా చూసేవాళ్లు మొట్టమొదట అడిగింది ఎరువు మోతాదు కాదు, తెర మీది మనిషి ఎవరు, ఏ ఊరు అని. ఆ ప్రశ్న సైట్ నాటి పొలం గురించి అడిగి ఉంటే చెప్పగలిగేవాళ్లు ఎవరూ లేరు. ఇంతకీ ఫలితం వీడియోదా, నడిపిన మనిషిదా అని గణాంకవేత్తలు తేల్చుకోలేకపోవచ్చు. వీడియో లేకపోతే ఆ మనిషి చేతిలో చూపించడానికేమీ లేదు, మనిషి లేకపోతే వీడియోను ఆపి అడిగేవాళ్లు లేరు. రెంటినీ విడదీసి కొలవాలనుకోవడమే పొరపాటు.

మూడోది ఇవాళ్టి మాట. ఇప్పుడు కెమెరా అందరి జేబులోనూ ఉంది, ఈ పాత చర్చ దేనికి? జగిత్యాల జిల్లా లంబాడిపల్లిలో తీసిన మై విలేజ్ షో అనే యూట్యూబ్ చానల్ గంగవ్వను ఇంటింటి మనిషిని చేసింది. ఊరివాళ్లకు వీడియో చేతకాదన్న అనుమానం ఎవరికైనా మిగిలి ఉంటే దాంతో పోవాలి. కానీ అది వినోదం, దాని న్యాయం వేరు. పాఠం దగ్గరికి వచ్చేసరికి మనం తిరిగి 1975కే వెళ్లాం. కరోనా ఏడాది, 2020 సెప్టెంబరు 1న, తెలంగాణలో బడి పాఠాలు టీ-శాట్, దూరదర్శన్ యాదగిరి తెరల మీద మొదలయ్యాయి. తెర మీద ఒక ఉపాధ్యాయుడు, ఆవల రాష్ట్రమంతా పిల్లలు. ఆపత్కాలంలో వేరే దారి లేదు, నిందించడానికి కూడా లేదు. నిందించవలసింది ఆ రూపమే వీడియో పాఠమని ఆ తర్వాత కూడా అనుకోవడాన్ని. ప్రతి ఊళ్లో నడిపే మనిషిని ఎక్కడ తెస్తాం, జీతం ఎవరిస్తారు అని అధికారులు అడుగుతారు. ఆంధ్రప్రదేశ్‌లో రైతు సాధికార సంస్థ ప్రకృతి సేద్యాన్ని పల్లెలకు తీసుకెళ్లినప్పుడు ఆ ప్రశ్న పెద్దగా రాలేదు. ముందే ఉన్న పొదుపు సంఘాలు, సేద్యం చేస్తూనే తోటివాళ్లకు నేర్పే రైతులు ఆ పని చేశారు, అరచేతిలో పట్టే ప్రొజెక్టర్లతో డిజిటల్ గ్రీన్ తరహా వీడియోలు చూపిస్తూ. బడికి కూడా ఊరూరా ఉపాధ్యాయుడు ఇప్పటికే ఉన్నారు, జీతమూ అందుతోంది. రాజధాని స్టూడియోలో మరో పాఠం తీసేందుకు పెట్టే ఖర్చులో కొంత, ఆ ఉపాధ్యాయుడూ పిల్లలూ తమ ఊరి చెరువు మీద పది నిమిషాల వీడియో తీసుకునేందుకు మళ్లిస్తే సరిపోతుంది.