తెరమీదికి వచ్చిన సరుకు: కలకత్తా బయోస్కోప్ చెప్పే పాఠం

సినిమాలో కథానాయకుడు తాగే శీతల పానీయం సీసా మీది పేరు సరిగ్గా మనవైపే తిరిగి ఉండటం ఎప్పుడైనా గమనించారా? చాలాసార్లు అది యాదృచ్ఛికం కాదు. ఆ పేరు కనిపించడానికి ఎవరో డబ్బు చెల్లించి ఉంటారు. ఈ పద్ధతి ఎప్పుడు మొదలైందో ఈ పాఠంలో తెలుసుకుందాం.

ముందుగా కలకత్తా నగరంలోని ఖిదిర్‌పూర్‌కు వెళ్దాం. హుగ్లీ నది చెంత ఇక్కడి డాక్ 1892లో ప్రారంభమైంది. పక్కనే గార్డెన్ రీచ్‌లో బెంగాల్-నాగపూర్ రైల్వే ప్రధాన కార్యాలయం ఉండేది. ఆ రైలుమార్గమే వాల్తేరును కలకత్తాతో కలిపింది. ఓడల్లో, రైళ్లలో సరుకు వచ్చి పడుతోంది. మరి కొనేవారికి దాని పేరు తెలిసేదెలా? పత్రికా ప్రకటన చదువు వచ్చినవారికే అందుతుంది. కదిలే బొమ్మకు ఆ హద్దు లేదు.

ఈ అవకాశాన్ని గుర్తించినవారిలో హీరాలాల్ సేన్ ముఖ్యుడు. 1898లో ఆయన రాయల్ బయోస్కోప్ కంపెనీని స్థాపించారు. 20వ శతాబ్దపు తొలి సంవత్సరాల్లో జబాకుసుమ్ తలనూనె మీద, ఎడ్వర్డ్స్ మలేరియా మందు మీద ప్రకటన చిత్రాలు తీశారు. మన దేశంలో తొలి ప్రకటన చిత్రాలుగా చరిత్రకారులు వీటిని పేర్కొంటారు. 1917లో జరిగిన అగ్నిప్రమాదంలో ఆయన చిత్రాలు కాలిపోయాయి. ఆ ఏడాదే ఆయన మరణించారు.

అయితే అవి ప్రకటనలుగానే తీసిన చిత్రాలు. సరుకును దృశ్యంలో కలిపేయడం వేరే పద్ధతి. 1896లో స్విట్జర్లాండ్‌లో లూమియేర్ యంత్రంతో తీసిన ఒక చిత్రంలో స్త్రీలు బట్టలు ఉతుకుతుంటారు. వారి ముందు సన్‌లైట్ సబ్బు పెట్టెలు కనిపిస్తాయి. చిత్రం తీయించిన లవాన్షీ-క్లార్క్ ఆ సబ్బు కంపెనీ ప్రతినిధి కూడా. చూసేవారికి అది బట్టలుతికే దృశ్యమే. ప్రకటన అని ఎవరూ చెప్పలేదు.

ఈ తేడా ఎందుకు ముఖ్యం? మలేరియా సంగతే చూడండి. 1897లో సికింద్రాబాద్‌లో రోనాల్డ్ రాస్ దోమ కడుపులో మలేరియా క్రిమిని కనుగొన్నారు. 1898లో కలకత్తాలో పక్షుల మీద పరిశోధించి, దోమకాటు వల్లే ఆ జబ్బు వ్యాపిస్తుందని నిరూపించారు. సైన్సు ఇలా ఒక్కొక్క మెట్టూ ఎక్కుతున్న ఆ రోజుల్లోనే మందుల వ్యాపారం తెరకెక్కింది. జ్వరంతో బాధపడే మనిషి ప్రకటనను నమ్మితే పోయేది డబ్బు మాత్రమే కాదు. ప్రకటన అని తెలిస్తే కనీసం ఒకసారి అనుమానిస్తాడు. కథలో కలిసిపోతే ఆ అనుమానమే రాదు.

అందుకే కొన్ని సరుకుల విషయంలో చట్టం కల్పించుకుంది. పొగాకు ప్రకటనలను మన దేశం 2003 చట్టంతో నిషేధించింది. సినిమాల్లో పొగతాగే దృశ్యాలకు ఆరోగ్య హెచ్చరిక చూపాలన్న నిబంధన 2012 నుంచి అమలులోకి వచ్చింది. పొగాకు బ్రాండు పేరు తెరపై కనబడకూడదు. మిగిలిన చాలా సరుకుల విషయంలో జాగ్రత్తపడవలసింది ప్రేక్షకుడే.

ఈసారి సినిమా చూసేటప్పుడు ఒక కాగితం దగ్గర పెట్టుకోండి. కనిపించిన ప్రతి బ్రాండు పేరూ రాయండి. అది లేకపోతే కథకు లోటు వచ్చేదా అని ప్రశ్నించుకోండి. లోటు లేదనిపిస్తే, దాన్ని అక్కడ ఎవరు పెట్టించి ఉంటారో ఆలోచించండి.