రోగం రాకుండుటే మందులకు రక్ష

బాక్టీరియా అనే సూక్ష్మక్రిములను చంపే, లేదా వాటి పెరుగుదలను అడ్డుకొనే మందులను యాంటీబయాటిక్‌లు అంటారు. 1928లో లండన్‌లో అలెగ్జాండర్ ఫ్లెమింగ్ పెన్సిలిన్‌ను కనుగొన్నారు. చాలీచాలని మోతాదులో మందు వాడితే క్రిములు దానిని తట్టుకొంటాయని 1945లో నోబెల్ ఉపన్యాసంలోనే ఆయన హెచ్చరించారు. మందు పడినప్పుడు బలహీన క్రిములు నశిస్తాయి. తట్టుకొన్నవి మిగిలి వృద్ధి చెందుతాయి. దీనినే నిరోధకత అంటారు. మారేది రోగి శరీరం కాదు, క్రిమి. అందుచేత ఎన్నడూ మందు వాడని పసిబిడ్డకు సైతం మందుకు లొంగని క్రిమి సోకవచ్చును.

నివారణతో సంబంధం

వ్యాధి సోకకపోతే మందుతో పని లేదు. మందు వాడకం తగ్గితే క్రిములు మొండికెత్తే అవకాశమూ తగ్గుతుంది. లొంగని క్రిమి ఒకరి నుండి మరొకరికి వ్యాపించకుండా ఆపేదీ పరిశుభ్రతే.

టైఫాయిడ్ నేర్పిన పాఠం

2016లో పాకిస్తాన్‌లోని సింధు రాష్ట్రంలో మొండి టైఫాయిడ్ ప్రబలింది. అది మొదట బయటపడిన నగరం పేరు కూడా హైదరాబాదే. ఐదు తరగతుల మందులు దానిపై పనిచేయలేదు. నోటి ద్వారా ఇచ్చే మందులలో అజిత్రోమైసిన్ ఒక్కటే దిక్కయింది. టైఫాయిడ్ మలంతో కలుషితమైన నీరు, ఆహారం ద్వారా వ్యాపిస్తుంది. కనుక నీటిని శుద్ధి చేయడంతో పాటు టీకాను ఆశ్రయించారు. 2019 నవంబరులో అక్కడ 9 నెలల నుండి 15 ఏళ్ల లోపు పిల్లలకు సామూహికంగా టీకాలు వేశారు. ఆ టీకా తయారైనది మన హైదరాబాదులోని భారత్ బయోటెక్ సంస్థలో. మందులకు లొంగని టైఫాయిడ్‌ను కూడా టీకా నివారించగలదని తరువాతి పరిశీలనలలో తేలింది.

కుటుంబాలు పాటించవలసినవి

1. త్రాగునీటిని తెర్లే వరకు కాచి, మూత పెట్టి చల్లార్చాలి. నీటిని కాడ ఉన్న గరిటెతో ముంచుకోవాలి.

2. మలవిసర్జన తరువాత, వంటకు, భోజనానికి ముందు, పసివారిని శుభ్రపరచిన పిమ్మట సబ్బుతో చేతులు కడుగుకోవాలి.

3. జలుబు వైరస్ వలన వస్తుంది. దానికి యాంటీబయాటిక్ పనిచేయదు. పిల్లల నీళ్ల విరేచనాలకు మొదటి చికిత్స ఓ.ఆర్.ఎస్. ద్రావణం, వైద్యుడు చెప్పిన మోతాదులో 14 రోజుల వరకు జింకు బిళ్ళలు. మలంలో రక్తం, తీవ్ర జ్వరం, నీరసం కనిపిస్తే వెంటనే ఆసుపత్రికి తీసుకొని వెళ్లాలి.

4. అట్టపై నిలువుగా ఎర్రగీత గల మందును వైద్యుని చీటీ లేనిదే కొనరాదు. మిగిలిన మాత్రలను ఇరుగుపొరుగుకు ఇవ్వరాదు.

5. టీకాలను వేళకు వేయించాలి. విరేచనాలను నివారించే రోటా వైరస్ టీకాను 2016లో మొదట ప్రవేశపెట్టిన నాలుగు రాష్ట్రాలలో ఆంధ్రప్రదేశ్, ఒడిశా ఉన్నాయి.

సరిహద్దు గ్రామాలవారికి

పుట్టింటికో, కూలి పనులకో రాష్ట్రం దాటే తల్లులు బిడ్డ టీకాల కార్డును వెంట ఉంచుకోవాలి. సార్వత్రిక టీకాల కార్యక్రమం దేశమంతటికీ చెందినది. బళ్లారిలో మొదలైన టీకాలను అనంతపురంలోనూ, బరంపురంలో మొదలైన వాటిని ఇచ్ఛాపురంలోనూ ప్రభుత్వ ఆరోగ్య కేంద్రంలో ఉచితంగా కొనసాగించవచ్చును. కార్డు ఏ భాషలో ఉన్నా, టీకా వేసిన తేదీని చూసి తదుపరి మోతాదును నిర్ణయిస్తారు.