డ్రిల్లు టీచరమ్మ

ఉద్యోగంలో చేరిన మొదటి ఏడాదంతా పిల్లలు నన్ను ‘డ్రిల్లు సార్’ అనే పిలిచారు. ‘సార్, బాల్ ఇయ్యండ్రి’ అని చెయ్యి చాపి, అంతలోనే నాలిక కరుచుకుని ‘మేడమ్’ అనేవాళ్లు. అదే బళ్లో లెక్కలు చెప్పే ఆమె ఉంది, సైన్సు చెప్పే ఆమె ఉంది. వాళ్ల విషయంలో ఒక్క పిల్లవాడూ తడబడలేదు. డ్రిల్లుకు మాత్రం సారే. ఆ మాటకు స్త్రీలింగం వాళ్ల నోటికి అలవాటు లేదు. అంతకుముందు ఆ బడిలో ఆ పని చేసిన ఆడమనిషి లేదు మరి. ఇప్పుడు ఈ వ్యాసానికి మొదలు వెతుక్కుంటుంటే నాకు ఆ పిలుపే గుర్తొస్తోంది.

నేను గోదావరికి ఇవతల కరీంనగర్ జిల్లాలో పుట్టి పెరిగాను. పెళ్లయ్యాక అవతల ఆదిలాబాద్ జిల్లా కోడలినయ్యాను. హైదరాబాద్ దోమల్‌గూడలో వ్యాయామ విద్య చదివాను. తొంభైల చివర డీఎస్సీలో పీఈటీ ఉద్యోగం వచ్చింది. పోస్టింగ్ బొగ్గుగనుల పక్క ఊళ్లో జిల్లా పరిషత్ హైస్కూలు. 2016లో జిల్లాలు విడగొట్టాక ఆ ఊరు మంచిర్యాల జిల్లాలోకి వెళ్లింది. ఆడపిల్లలు, మగపిల్లలు కలిసి చదివే బడి. పీఈటీ పోస్టు ఒక్కటే. అంటే మగపిల్లల కబడ్డీ, ఖోఖో, వాలీబాల్ జట్లు కూడా నావే. చేరిన రోజు హెడ్మాస్టరు గారు నా ఆర్డరు కాగితం రెండుసార్లు చదివి, ‘మీరు ఆడపిల్లల్ని చూసుకోండమ్మా, పోరగాళ్ల సంగతి మేమెట్లనో చూస్తం’ అన్నారు. మంచి మనిషే. నా కష్టం తగ్గిస్తున్నాననే అనుకున్నారు.

నన్ను అక్కడికి పంపింది ఎవరి అభ్యుదయమూ కాదు, ఒక సర్వీసు నిబంధన. దాని చరిత్ర మన పత్రికల్లో అంతగా కనపడలేదు కనుక కొంచెం చెబుతాను. 1984 జనవరి 2న ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం సర్వీసు నిబంధనల్లో 22-ఎ అనే కొత్త నిబంధన చేర్చింది. అది ఉద్యోగాలను మూడు రకాలుగా చూసింది. మగవాళ్ల కంటే ఆడవాళ్లు ఎక్కువ తగిన ఉద్యోగాలు ఒక రకం. ఇద్దరూ సమానంగా తగినవి రెండో రకం. వీటిలో మిగతా అర్హతలు సమానమైతే 30 శాతం మేరకు స్త్రీలకు ప్రాధాన్యం ఇవ్వాలి. పూర్తిగా స్త్రీలకే కేటాయించినవి మూడోవి. దీని మీద పి.బి. విజయకుమార్ అనే ఆయన కోర్టుకు వెళ్లారు. హైకోర్టు కాదన్న భాగాన్ని 1995లో సుప్రీంకోర్టు నిలబెట్టింది. తీర్పు రాసింది జస్టిస్ సుజాతా మనోహర్. రాజ్యాంగంలోని 15(3) అధికరణం స్త్రీల కోసం ప్రత్యేక ఏర్పాట్లు చేయవచ్చు అంటోంది, ఉద్యోగాలు అందులోకి రాకపోతే ఇక దానికి అర్థమేముంది అన్నది ఆ తీర్పు సారాంశం. ఆ మరుసటి ఏడాది ఆ 30 శాతం మూడోవంతు అయింది.

నాకు ఆ రెండో రకం మీద మమకారం ఎక్కువ. ‘సమానంగా తగినవి’ అనే మాట మీద. బాలికల పాఠశాలలో ఆడ పీఈటీ ఉండటం అందరికీ సమ్మతమే. అది మొదటి రకం ఆలోచన: ఆడపిల్లలకు ఆడమనిషే తగును. ఆ ఆలోచనతో మనకు ఉద్యోగాలు వచ్చాయి, నిజమే. కానీ మగపిల్లల కబడ్డీ జట్టుకు కూడా ఒక ఆడమనిషి మగవాడితో సమానంగా తగును అని ఏ ఊరి పెద్దమనిషీ, ఏ తల్లిదండ్రుల కమిటీ అనలేదు. అది ఒక్క జీవో మాత్రమే అన్నది, అదీ ఏమంటోందో తనకే పూర్తిగా తెలియకుండా.

కాగితం గ్రౌండు దాకా తోడు రాదు. మొదటి పని కోర్టు గీయడం. కబడ్డీలో మగవాళ్ల కోర్టు 13 మీటర్ల పొడవు, 10 మీటర్ల వెడల్పు. ఆడవాళ్లది 12, 8. నేను ఆడి పెరిగింది రెండోదాంట్లో. ఆ ఒక మీటరు, రెండు మీటర్లు ఎందుకు తగ్గించారో నాకు చదువుకునే రోజుల్లో ఎవరూ చెప్పలేదు, నేనూ అడగలేదు. పొద్దున ఆరింటికి టేపు పట్టి, బకెట్లో సున్నం కలుపుకుని పెద్ద కోర్టు గీస్తుంటే గని షిఫ్టుకు పోతున్న ఒకాయన సైకిలు దిగి నిలబడ్డాడు. ‘ముగ్గు మంచిగేస్తున్నవమ్మా’ అన్నాడు. నవ్వొచ్చింది, కోపం కూడా వచ్చింది. ఆయన ఎగతాళి చేయలేదు. ఆడమనిషి వంగి నేల మీద తెల్లగీత గీస్తే దానికి ఆయనకు తెలిసిన పేరు అదొక్కటే.

తర్వాత ఈల. మా అత్తమ్మకు నా జీతంతో గొడవ లేదు. ట్రాక్‌సూట్‌తో కూడా మెల్లగా రాజీపడింది. నేను దాన్ని సంచిలో పెట్టుకుపోయి బళ్లో మార్చుకునేదాన్ని. ఆమెకు అసలు బాధ విజిల్. ఆడది ఈలేస్తే ఇంటికి అరిష్టమని ఆమె నమ్మకం. మెడలో పుస్తెలతాడు, దాని మీద విజిల్ తాడు. రెండూ ఒకదాన్నొకటి చుట్టుకునేవి. ఇంట్లోకి వచ్చేముందు రెండోది తీసి జేబులో వేసుకునేదాన్ని. అట్లా ఎన్నేళ్లు చేశానో లెక్కపెట్టలేదు.

అన్నిటికంటే కష్టమైంది పట్టు నేర్పడం. కబడ్డీ అంటే ఒంటికి ఒళ్లు తగిలే ఆట. చీలమండ పట్టు, తొడ పట్టు, నడుం పట్టు. ఎప్పుడు పట్టాలి, ఏ కాలు మీద బరువు ఉండాలి అనేది మాటల్లో చెబితే తలకెక్కదు, పట్టి చూపించాలి. పదో తరగతి పిల్లవాడికి మీసం వస్తూ ఉంటుంది. గోడ బయట నలుగురు నిలబడి చూస్తుంటారు. మొదటి నెలలో నేను ఒక బెత్తం పట్టుకుని, ఇద్దరు పెద్దపిల్లల్ని ముందు నిలబెట్టి, బెత్తంతో ‘ఇక్కడ, ఇక్కడ’ అని చూపించేదాన్ని. పాఠం సగమే అందేది. చివరకు ఒకరోజు విసుగొచ్చి బెత్తం పారేసి, కూత పెట్టుకుంటూ నేనే రైడుకు వెళ్లాను. అవతల ఏడుగురు పిల్లలూ కాళ్లూ చేతులూ ఆడక నిలబడిపోయారు. నన్ను ముట్టుకోవాలంటే భయం. నలుగుర్ని తాకి వెనక్కి వచ్చాను. ‘నలుగురు ఔట్’ అన్నాను. రెండో రైడులో ఒక బక్కపిల్లవాడు కళ్లు మూసుకుని నా చీలమండ పట్టేశాడు. పట్టు సరిగ్గా పడింది. ఆ సాయంత్రం నుంచి జట్టు తయారవడం మొదలైంది.

ఊళ్లో మాట కూడా ఆ సాయంత్రమే మొదలైంది. ‘ఆడామె పోరగాళ్లతోటి కలెబడ్తదా’ అని. నా ఆట గురించి ఎవరూ అనుమానం వెలిబుచ్చలేదు, గమనించండి. రూల్స్ తెలుసా, ఎక్కడ ఆడావు అని ఒక్కరు అడిగినా నేను సంతోషంగా జవాబిచ్చేదాన్ని. అభ్యంతరమంతా ఒంటి మీద, బట్ట మీద, పొద్దుగూకాక గ్రౌండులో ఉండటం మీద. అదే ఊళ్లో ఆడపిల్లల జట్టుకు అంతకుముందు ఒక మగ ఉపాధ్యాయుడు పట్లు నేర్పించాడు. దాన్నెవరూ వింతగా చూడలేదు. గురువు కదా అన్నారు. 2023లో మహిళా మల్లయోధులు తమ సమాఖ్య అధ్యక్షుడి మీద లైంగిక వేధింపుల ఆరోపణలతో జంతర్ మంతర్ దగ్గర కూర్చున్నప్పుడు నాకు ఆ గోడ బయటి నలుగురు గుర్తొచ్చారు. ఎవరి చెయ్యిని కాపలా కాయాలో వాళ్లకు ఎప్పుడూ తిరగబడే తెలుసు.

స్కూల్ గేమ్స్ పోటీలు మండలం నుంచి జిల్లాకు, జిల్లా నుంచి రాష్ట్రానికి పోతాయి. ఆడపిల్లల జట్టు ఊరు దాటితే వెంట ఒక టీచరమ్మ ఉండాలి. ఆమెకు ఆట తెలియాల్సిన పని లేదు, ఆడదైతే చాలు. హిందీ టీచరూ వెళ్లొచ్చు. మగపిల్లల జట్టు వెంట మాత్రం మగాయనే వెళ్తాడు, ఆయనకూ ఆట తెలియాల్సిన పని లేదు. ఈ రెండు ఏర్పాట్ల మధ్య కోచ్ అనే మనిషి ఎక్కడికో జారిపోతుంది. మా మగపిల్లలు మండలంలో గెలిచిన ఏడాది, జిల్లా పోటీలకు వాళ్ల వెంట మా బడి సోషల్ సార్ వెళ్లారు. రాత్రి బస, పిల్లలు ఒక హాల్లో పడుకోవాలి, మీకెందుకు ఇబ్బంది అన్నారు. అప్పుడు నా పాపకు రెండేళ్లు. ఇంట్లో కూడా ఆ మాటే సబబనిపించింది. నాకే కొట్లాడే ఓపిక లేకపోయింది, ఒప్పుకుంటాను. పిల్లలు కప్పు తెచ్చారు. బడి వరండాలో ఫొటో పెట్టారు. పన్నెండు మంది పిల్లలు, హెడ్మాస్టరు, సోషల్ సార్. ‘కోచ్’ అని ఆయన పేరు కింద ఉంది. ఆయన సిగ్గుపడి, ‘మేడమ్, పేరు మార్పిస్త’ అన్నాడు. ఫ్రేము కట్టించేశారు కనుక మారలేదు.

ఇట్లాంటివి నా ఒక్కదాని కథలు కావు. అందుకే ఈ చరిత్ర రాయడం కష్టం. సర్టిఫికెట్ల మీద, రిజిస్టర్లలో, ఫొటోల కింద ఉన్న పేర్లను నమ్మి రాస్తే కరీంనగర్, ఆదిలాబాద్ జిల్లాల్లో మగపిల్లల జట్లను తీర్చిదిద్దిన ఆడవాళ్లు లేనేలేరని తేలుతుంది.

మనం చెప్పుకునే ఆటల కథలు కూడా ఒకే మూసలో ఉంటాయి. మన పక్క జిల్లా నిజామాబాద్‌లో నిఖత్ జరీన్‌ను తండ్రి జమీల్ కలెక్టరేట్ గ్రౌండుకు తీసుకెళ్లాడు. ఆడపిల్లలు లేని బాక్సింగ్‌లో ఆమె మగపిల్లలతో తలపడి నేర్చుకుంది. 2022లో ఇస్తాంబుల్‌లో ప్రపంచ విజేత అయింది. శ్రీకాకుళం జిల్లాలో కరణం మల్లీశ్వరికి నీలంశెట్టి అప్పన్న, సింధుకు గోపీచంద్. నాకు ఈ అమ్మాయిలంటే ప్రాణం, ఆ గురువులంటే గౌరవం. కానీ ఆడపిల్ల, వెనక మగ గురువు అనే బొమ్మ మనకెంత ఇష్టమో చూడండి. దాన్ని తిరగేసి, మగపిల్లవాడు, వెనక ఆడ గురువు అంటే ఒక్క తెలుగు పేరూ చటుక్కున నోటికి రాదు. నాకైతే ఢిల్లీ దాకా వెళ్తే గానీ దొరకలేదు. సునీతా శర్మ అక్కడ మగపిల్లలకు క్రికెట్ నేర్పింది. ఆమె దగ్గర నేర్చుకున్న దీప్ దాస్‌గుప్తా 2001లో భారత టెస్టు జట్టుకు వికెట్ కీపరయ్యాడు. 2005లో ఆమెకు ద్రోణాచార్య అవార్డు వచ్చింది. క్రికెట్‌లో ఆ అవార్డు అందుకున్న మొదటి మహిళ ఆమె.

అవార్డు పేరు దగ్గర ఒక్క మాట. గోండు, కోలాం పిల్లలు చదివే ఆదిలాబాద్ అడవుల్లో గురుకులాలకు ఏకలవ్యుడి పేరు పెట్టిన ప్రభుత్వాలే, కోచ్‌లకిచ్చే బహుమానానికి అతని బొటనవేలు అడిగినవాడి పేరు పెట్టాయి. గురువు ఎవరు కాగలరు, శిష్యుడు ఎవరు కాగలరు అనే లెక్క మన దగ్గర ఎప్పటి నుంచో తేల్చిపెట్టి ఉంది.

బయటి దేశాలు మనకంటే ముందున్నాయని అనుకునేదాన్ని. అమెరికాలో 1972లో టైటిల్ నైన్ చట్టం వచ్చేనాటికి కాలేజీల్లో అమ్మాయిల జట్లకు కోచ్‌లుగా నూటికి తొంభై మందికి పైగా స్త్రీలే ఉన్నారట. చట్టం వల్ల అమ్మాయిల ఆటలకు డబ్బు వచ్చింది, జీతాలు వచ్చాయి, ఆ వెంటనే మగ కోచ్‌లూ వచ్చారు. 2014 నాటికి ఆ తొంభై నలభైమూడుకు పడిపోయింది. మరి ఆడవాళ్లు అబ్బాయిల జట్లకు వెళ్లారా అంటే నూటికి ఇద్దరు ముగ్గురు. తలుపు ఒకవైపే తెరుచుకుంది. 2014లో టెన్నిస్‌లో ఆండీ మరే అమెలీ మారెస్మోను కోచ్‌గా పెట్టుకుంటే, తాను ఓడిన ప్రతిసారీ ఆమెను నిలదీశారనీ, అంతకుముందు కోచ్‌లకు ఆ బాధ లేదనీ అతనే తర్వాత రాశాడు. అది చదివి మా ఊరి గోడ అంత పొడవుందా అనుకున్నాను.

ఇప్పుడు తెలంగాణలో బాలికల గురుకులాలు పెరిగాయి, వాటిలో మన పిల్లలకు పీఈటీ ఉద్యోగాలు దొరుకుతున్నాయి. సంతోషమే. కానీ ఆ గోడల లోపల మళ్లీ మొదటి రకం సూత్రమే: ఆడపిల్లలకు ఆడమనిషి. మొన్న కరీంనగర్‌లో ఒక వ్యాయామ విద్య విద్యార్థిని నన్ను వెతుక్కుంటూ వచ్చింది. ‘మేడమ్, బాలుర బడిలో పోస్టు వస్తే తీసుకోమంటరా?’ అని అడిగింది. తీసుకొమ్మన్నాను. పిల్లలతో జిల్లా పోటీలకు నువ్వే వెళ్లు, ఎవరేమన్నా బస్సెక్కు అన్నాను. నేను చేయనిది ఆమెకు చెబుతున్నానని ఆమెకు తెలియదు.

వెళ్లేముందు ఆ అమ్మాయి నా పాత నోటుబుక్కు అడిగి చూసింది. మొదటి పేజీలో కోర్టు కొలతలు. తర్వాత పన్నెండు మంది పిల్లల పేర్లు, ఎవరు ఏ కాలితో రైడుకు వెళ్తారు, ఎవరికి దమ్ము ఎక్కువ, ఎవరు పొద్దున తినకుండా వస్తారు. మండలం పోటీల్లో ఒక్కో మ్యాచుకు ఒక్కో పేజీ నిండా పాయింట్లు. ‘జిల్లా’ అని పైన రాసి కింద గీతలు గీసిపెట్టిన పేజీలు నాలుగు ఉన్నాయి. వాటిలో ఏమీ లేదు. ఎందుకు మేడమ్ అని అడిగింది. ఆ మ్యాచులు నేను చూడలేదమ్మా అన్నాను.