డోలు మోగాలంటే బిరుదొక్కటే చాలదు

సినిమా అవార్డులు ప్రకటించిన ప్రతిసారీ ఎవరికొచ్చింది, ఎవరికి అన్యాయం జరిగిందన్న వాదన కొన్నాళ్లు సాగుతుంది. అసలు అవార్డు వల్ల కళకు ఒరిగేదేమిటి? దీనికి జవాబు హైదరాబాదు వేదికల మీద కంటే ములకలపల్లి, మణుగూరు ప్రాంతపు కోయగూడేల్లో తేటగా దొరుకుతుంది.

ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 1964లో నంది అవార్డులు మొదలుపెట్టింది. లేపాక్షి బసవన్న రూపంలో ఉన్న ఆ ప్రతిమ తొలి ఏడాది ఉత్తమ చిత్రంగా ‘డాక్టర్ చక్రవర్తి’ని వరించింది. అర్ధ శతాబ్దం పాటు తెలుగు నటులు దాన్ని ఇంట్లో అపురూపంగా దాచుకున్నారు. 2014, 2015, 2016 సంవత్సరాల నందులను 2017 నవంబరులో ఒక్కసారే ప్రకటించడంతో పెద్ద దుమారం రేగింది. ఆ తర్వాత నంది ఆగిపోయింది. 2025 జూన్‌లో తెలంగాణ ప్రభుత్వం గద్దర్ పేరిట సినిమా అవార్డులు ఇచ్చేదాకా తెలుగు సినిమాకు రాష్ట్ర ప్రభుత్వ పురస్కారమే లేదు. అయినా ఆ ఏడెనిమిదేళ్లలో తెలుగు సినిమా తగ్గలేదు, ఇంకా పెరిగింది. ‘నాటు నాటు’కు 2023 మార్చిలో ఆస్కార్ దక్కింది కూడా ఆ కాలంలోనే. మార్కెట్ ఉన్న కళకు అవార్డు అలంకారం. అది లేకపోయినా పూట గడుస్తుంది.

మార్కెట్ లేని కళ సంగతి వేరు. కోయల్లో డోలీలు వంశచరిత్రకారులు. ఏ ఇంటిపేరు ఏ గట్టుకు, అంటే ఏ గోత్రానికి, చెందుతుందో, ఆ గట్టు ఇలవేల్పు ఎవరో, సమ్మక్క సారలమ్మల పోరు ఎలా సాగిందో డోలు వాయిస్తూ కథగా పాడతారు. కాగితం మీద లేని చరిత్ర వాళ్ల గొంతులో ఉంటుంది. అలాంటి గొంతు సకిని రామచంద్రయ్యది. ఊరు మణుగూరు మండలం కూనవరం. చదువు రాదు, కథలన్నీ నోటికే. 2022లో ఆయనకు పద్మశ్రీ ప్రకటించారు. అప్పుడే రాష్ట్ర ప్రభుత్వం కోటి రూపాయలు, ఇంటిస్థలం ఇస్తామంది. 2024 జూన్‌లో ఆయన కన్నుమూసినప్పుడు, ఆ హామీలు తీరలేదన్న మాట కూడా మరణవార్తతోపాటే పత్రికల్లో వచ్చింది.

అదే 2022లో పద్మశ్రీ అందుకున్న కిన్నెర కళాకారుడు దర్శనం మొగిలయ్య 2024 మేలో కూలిపనిలో కనిపించారు. 1954 నుంచీ పద్మ పురస్కారాల వెంట నగదు ఉండదు. అది గౌరవం మాత్రమే. రెక్కాడితే గాని డొక్కాడని వాడికి ఆ గౌరవం తిండిగా మారాలంటే ఇంకెవరో పూనుకోవాలి. 2024 ఫిబ్రవరిలో తెలంగాణ ప్రభుత్వం పద్మశ్రీ పొందిన పేద కళాకారులకు నెలకు 25 వేల రూపాయల పింఛను ప్రకటించింది. మంచి అడుగే. కాని పింఛను కళాకారుణ్ని బతికిస్తుంది, ఆయన వెనకాల కళ బతకడానికి శిష్యుడు కావాలి.

అవార్డు ఊరికి ఎలా ఉపయోగపడుతుందో చంద్రబోస్ చేసి చూపించారు. ‘నాటు నాటు’ రాసిన ఆయన తన స్వగ్రామం చల్లగరిగలో గ్రంథాలయం కట్టించి, దానికి ఆస్కార్ పేరే పెట్టారు. 2024లో అది తెరుచుకుంది. లాస్ ఏంజిలిస్‌లో దక్కిన ప్రతిమ పల్లెటూరి పిల్లల చేతికి పుస్తకమై వచ్చింది.

ఆయనకు స్తోమత ఉంది కాబట్టి చేయగలిగారు. రామచంద్రయ్య వంటివారి విషయంలో ఆ పని అవార్డు ఇచ్చినవాళ్లదే. బిరుదు ప్రకటించిన ఏడాదిలోనే కథలన్నీ కోయభాషలోనూ తెలుగులోనూ రికార్డు చేయించాలి. గూడెంలో ఇద్దరు ముగ్గురు యువకులకు ఉపకారవేతనమిచ్చి ఆ పెద్దాయన దగ్గర కూర్చోబెట్టాలి. గిరిజన ఆశ్రమ పాఠశాలల్లో డోలీలకు గౌరవవేతనంతో పాఠం చెప్పే అవకాశమివ్వాలి. ఇవన్నీ ఒక సినిమా వేడుక వేదిక ఖర్చుకు మించేవేమీ కావు.

కాబట్టి అవార్డులకు విలువ ఉందా అంటే, ఉంది. పుచ్చుకున్నవాడి తర్వాత ఇంకొకడు అదే కథ ఎత్తుకోగలిగితే ఆ అవార్డు సార్థకం. ములకలపల్లి గూడేల్లో రేపటి డోలీ ఎవరన్నది తేల్చకుండా ఎన్ని పద్మశ్రీలు ఇచ్చినా, మనం గౌరవించింది ఒక మనిషినే గాని ఆయన మోసుకొచ్చిన చరిత్రను కాదు.