దుప్పి పరీక్ష

స్వీడన్ దేశపు అరణ్యమార్గములలో మూస్ అను మహాకాయపు దుప్పి హఠాత్తుగా దారికడ్డము వచ్చుటయు, దాని పొడవైన కాళ్లను కారు తాకినచో బరువైన దేహము ముందద్దముపై బడి ప్రయాణికులకు ప్రాణాంతకమగుటయు గలదు. కావున వేగముగా బోవు కారును బ్రేకు వేయకయే ఒక ప్రక్కకు మరల్చి, తత్‌క్షణమే స్వస్థానమునకు దెచ్చు పరీక్షను అచ్చటి మోటారు పత్రికలవారు వాహన గుణనిర్ణయమునకు ప్రమాణముగా గైకొనిరి.

1997 అక్టోబరులో టెక్నికెన్స్ వేర్ల్డ్ పత్రికవారు మెర్సిడెస్ సంస్థయొక్క నూతనమైన ఏ-క్లాస్ కారు నిట్లు పరీక్షింపగా, పొట్టిదియు నెత్తైనదియునగు నా వాహనము బోల్తాపడెను. స్టీరింగును అటునిటు త్రిప్పినంతనే దేహభారమంతయు వెలుపలి చక్రములపైకి నొరిగి, లోపలి చక్రములు నేలను విడుచుటయే యిందులకు హేతువు. పిదప సంస్థవారు విక్రయముల నిలిపి, సస్పెన్షనును సవరించి, 1995లో బాష్ సంస్థ తోడ్పాటుతో ఖరీదైన ఎస్-క్లాస్ కార్లలో ప్రవేశపెట్టిన ఈఎస్‌పీ అను స్థిరత్వసాధనమును ఈ చిన్నకార్లన్నిటికిని సమకూర్చిరి. అది చక్రముల వేగమును, స్టీరింగు కోణమును, కారు తిరుగుడును గమనించుచు, పట్టుతప్పు లక్షణము తోచినంతనే తగిన చక్రమునకు మాత్రమే బ్రేకు వేసి, వాహనమును చోదకుని సంకల్పమునకు లోబరచును.

2014 నాటికి ఐరోపా సమాఖ్యలో క్రొత్త కార్లన్నిటికిని అట్టి సాధనము విధిగా నిర్ణయింపబడెను. ఢీకొన్న పిమ్మట రక్షించు దృఢత్వముకంటె, ఢీకొనకుండ తప్పించు విధేయత తక్కువైనది కాదని యీ చరిత్ర నిరూపించుచున్నది.